ర్యామ్ కొనే ముందు మూత తీసి చూద్దాం



వార్షికోత్సవ సంచిక అనగానే మన హాస్టల్‌లో కవితలు, లక్ష్యసాధన మీద వ్యాసాలు, వార్డెన్ సార్ సందేశం, ఫేర్‌వెల్ ఫోటోలు గుర్తుకొస్తాయి. అవి ఉండాల్సిందే. కానీ ఈసారి మేము, అంటే 7వ నంబరు గదిలో ఉండే ఆరుగురం, రీడింగ్ రూములో మూలన కూర్చున్న కంప్యూటర్ గురించి రాస్తామని సంపాదక వర్గాన్ని అడిగాము. "అదీ ఒక టాపిక్కేనా?" అని నవ్వారు. నవ్విన వాళ్లలో ఇద్దరు నిరుడు మాతో పాటు తలా నలభై రూపాయలు పోగొట్టుకున్న వాళ్లే. అందుకే ఒప్పుకున్నారు.

ఆ కంప్యూటర్ సంగతి కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు తెలియదు. అది ప్రభుత్వం ఇచ్చింది కాదు. మన హాస్టల్‌లోనే ఉండి చదువుకున్న ఒక అన్న 2012లో తన ఇంటికి కొనుక్కున్న డెస్క్‌టాప్. ఉద్యోగం వచ్చాక ల్యాప్‌టాప్ కొనుక్కుని, పాతదాన్ని గోనెసంచిలో చుట్టి, ఆటోలో వేసుకుని తెచ్చి మనకు ఇచ్చి వెళ్లాడు. లోపల ఇంటెల్ కోర్ ఐ3–2100 ప్రాసెసర్, హెచ్61 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, పైన విండోస్ 7. ఈ వివరాలన్నీ ఇప్పుడు గడగడా చెబుతున్నాము గానీ, అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే. అది స్లో. స్విచ్ వేసి స్నానానికి వెళ్లి వచ్చేసరికి తెర మీద బొమ్మలు వచ్చేవి. బ్రౌజర్ నొక్కి టిఫిన్ తిని రావాల్సి వచ్చేది.

స్లో అయితే ఏమైంది, ఓపిక పడితే సరి అనుకునే వాళ్లం. 2025 జూన్‌లో మా గదిలో ఉండే ఇంటర్ పూర్తయిన తమ్ముడు దోస్త్‌లో డిగ్రీ కాలేజీలకు ఆప్షన్లు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆఖరి రోజు. పేజీ సగం తెరుచుకుంటుంది, ఆగిపోతుంది. రెండు గంటలు కూర్చున్నాడు. నెట్ సెంటర్‌కు పరుగెత్తాడు, వానకు కరెంటు పోయి షట్టర్ దించేశారు. చివరికి తెర పగిలిన ఫోన్‌లో పెట్టాడు. ఆ చిన్న తెరలో కాలేజీల వరుస తారుమారైంది. మొదట పెట్టాల్సింది నాలుగోది అయ్యింది. ఇప్పుడు రోజూ రెండు బస్సులు మారి కాలేజీకి వెళ్తున్నాడు. కంప్యూటర్ వల్లే ఇదంతా జరిగిందని మేము అనము, ఆఖరి రోజు దాకా ఆగడం కూడా తప్పే. కానీ ఆ రాత్రి వాడి ముఖం చూసిన వాళ్లకు 'స్లో' అనే మాట తేలికగా అనిపించదు.

మరుసటి ఆదివారం మెస్ దగ్గర మీటింగ్ పెట్టుకున్నాము. ర్యామ్ పెంచితే స్పీడు అవుతుందని ఎవరో అన్నారు. 23 మంది తలా 40 వేశారు, 920 రూపాయలు. ఇద్దరం వెళ్లి ఒక దుకాణంలో "డెస్క్‌టాప్‌కు ర్యామ్ కావాలి" అన్నాము. "ఏ ర్యామ్?" అని అడిగాడు. మాకు తెలియదు. "డీడీఆర్3 అయి ఉంటుంది, ఎనిమిది జీబీ ఉంది, తొమ్మిది వందలకు ఇస్తా, సెకండ్ హ్యాండ్, వాపసు లేదు" అన్నాడు. రెండు జీబీ ఉన్న చోట ఎనిమిది జీబీ! ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని డబ్బు ఇచ్చేశాము. మిగిలిన 20 రూపాయలు ఆటోకు సరిపోయాయి.

స్టిక్ స్లాట్‌లో చక్కగా కూర్చుంది. అటూ ఇటూ క్లిప్పులు టక్కున పడ్డాయి. స్విచ్ వేశాము. ఫ్యాన్ తిరిగింది, తెర నల్లగా ఉంది, డబ్బా లోంచి పీ... పీ... అని కూత. తీసి మళ్లీ పెట్టాము. అదే కూత. ఒకడు రబ్బరు తెచ్చి బంగారు రంగు పిన్నులను పరపరా రుద్దాడు. పిన్నులకు దుమ్ము, మురికి పట్టినప్పుడు ఆ వైద్యం పనిచేస్తుంది గానీ, రోగం వేరైనప్పుడు రబ్బరు ఏం చేస్తుంది? ఈ గొడవకు వార్డెన్ సార్ వచ్చారు. "తెలియని వస్తువును ముట్టుకోవద్దని చెప్పానా లేదా?" అని గదికి తాళం వేశారు. మూడు వారాలు ఆ తాళం తీయలేదు.

దుకాణానికి వెళ్తే "వాపసు లేదని ముందే చెప్పాను" అన్నాడు. చెప్పిన మాట నిజమే.

కంప్యూటర్ ఇచ్చిన అన్నకు ఫోన్ చేశాము. ఆయన మొదట అడిగింది "స్టిక్ మీద స్టిక్కర్ ఉంటుంది, దాని ఫోటో పంపండి" అని. పంపాము. అయిదు నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసి, పెద్దగా నవ్వి, "ఒరేయ్, ఇది సర్వర్‌లో వేసేదిరా" అన్నాడు. స్టిక్కర్ మీద 'పీసీ3–12800ఆర్' అని ఉంది. ఆ చివరి 'ఆర్' అనే ఒక్క అక్షరమే మా తొమ్మిది వందలు మింగింది.

ఇక్కడ ఒక్క లెక్క చెప్పాలి. 2024లో ప్రభుత్వం మెస్ చార్జీలు పెంచినప్పుడు ఇంటర్ నుంచి పీజీ వరకు చదివే వాళ్లకు నెలకు 1,500 ఉన్నదాన్ని 2,100 చేసింది. అంటే రోజుకు 70 రూపాయలు. మా తొమ్మిది వందలు ఒక విద్యార్థికి దాదాపు 13 రోజుల తిండి. ఇంట్లో కంప్యూటర్ ఉన్న వాడికి అది చిన్న పొరపాటు. మనకు అది చిన్నది కాదు. కాబట్టి మిగతా వాళ్లెవరూ ఈ పొరపాటు చేయకూడదని, మాకు తెలిసి వచ్చింది ఇక్కడ రాస్తున్నాము.

మొదట ర్యామ్ అంటే ఏమిటో మన భాషలో చెప్పుకుందాం. మంచం కింద ట్రంకు పెట్టె ఉంటుంది కదా, అది హార్డ్ డిస్క్. పుస్తకాలు, బట్టలు, సర్టిఫికెట్లు అన్నీ అందులో ఉంటాయి. చదువుకోవడానికి ముందు పెట్టుకునే పీట ర్యామ్. పీట పెద్దదైతే నాలుగు పుస్తకాలు ఒకేసారి తెరిచి పెట్టుకోవచ్చు. చిన్నదైతే ఒకటి మూసి పెట్టెలో పెట్టి, ఇంకోటి తీయాలి. ప్రతిసారీ వంగాలి, పెట్టె లాగాలి, మూత తీయాలి. మన కంప్యూటర్ ముందు ఎర్ర లైటు ఆగకుండా మిణుకుమనేది ఎందుకంటే, అది పాపం రోజంతా పెట్టె లాగుతూనే ఉంది. 2 జీబీ పీట మీద ఈనాటి బ్రౌజర్‌ను పరిస్తే ఇంకేమీ పట్టదు.

అయితే స్లో ఉన్న ప్రతి కంప్యూటర్‌కూ ర్యామ్ మందు కాదు. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు. కొనే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, మనం రోజూ చేసే పని చేస్తూ మెమరీ ఎంత వాడుతోందో చూడాలి. 85, 90 శాతం దాటి అక్కడే నిలబడితే ర్యామ్ చాలడం లేదని అర్థం. సగం ఖాళీగా ఉండి కూడా నత్తనడక నడుస్తుంటే తప్పు ఇంకెక్కడో ఉంది. చాలాసార్లు పాత హార్డ్ డిస్క్ దగ్గర ఉంటుంది, దానికి ఎస్ఎస్‌డీ వేయాలి. వైరస్ కావచ్చు, గాలి ఆడకుండా దుమ్ము పేరుకుని ప్రాసెసర్ వేడెక్కడం కావచ్చు. మన డబ్బా మూత తీసినప్పుడు ఫ్యాన్ కింద పిచ్చుక గూడంత దుమ్ము ఉంది. దాన్ని పాత టూత్‌బ్రష్‌తో దులపడానికి చందాలు అవసరం లేదు.

ఇక ర్యామ్‌లో రకాల సంగతి. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని తరాలు ఉన్నాయి. ఇవి తాత, తండ్రి, కొడుకు, మనవడు లాంటివి. ఇంటిపేరు ఒకటే గానీ ఒకరి చొక్కా ఇంకొకరికి పట్టదు. డీడీఆర్3 ప్రమాణం 2007లో, డీడీఆర్4ది 2012లో, డీడీఆర్5ది 2020లో వచ్చాయి. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులే, పొడవు కూడా ఒకటే. చూడగానే ఒకేలా ఉంటాయి. కానీ కింది అంచులో ఒక గాటు ఉంటుంది, అది ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది. డీడీఆర్4కూ డీడీఆర్5కూ 288 పిన్నులు, వాటిలో కూడా గాటు చోటు వేరు. తప్పు స్లాట్‌లో పెట్టకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. ఎందుకంటే తీసుకునే కరెంటు కూడా వేరు. డీడీఆర్2కు 1.8 వోల్టులు, డీడీఆర్3కు 1.5, డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1. కాబట్టి స్టిక్ స్లాట్‌లో దిగకపోతే బలంగా నొక్కవద్దు. అది దిగననడమే మనకు చేసే మేలు. డీడీఆర్3లోనే వోల్టేజి తక్కువైన డీడీఆర్3ఎల్ అని ఒకటి ఉంది, దానికి 1.35 వోల్టులు చాలు. అది మామూలు 1.5 వోల్టుల బోర్డులో కూడా సాధారణంగా పనిచేస్తుంది, దాని గురించి భయం అక్కరలేదు. ల్యాప్‌టాప్ స్టిక్కులు పొట్టిగా ఉంటాయి, డెస్క్‌టాప్‌లో పట్టవు.

మమ్మల్ని ముంచింది మాత్రం గాటు పట్టుకోలేని తేడా. సర్వర్లలో వాడే డీడీఆర్3 రిజిస్టర్డ్ స్టిక్కుకు కూడా 240 పిన్నులే, గాటు కూడా అదే చోట. సుఖంగా దిగుతుంది. కానీ దాని మధ్యలో రిజిస్టర్ అనే అదనపు చిప్పు ఉంటుంది, మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ దానితో మాట్లాడలేదు. పెద్ద కంపెనీలు పాత సర్వర్లు తీసేసినప్పుడు ఇలాంటివి సెకండ్ హ్యాండ్ బజారుకు వస్తాయి. డెస్క్‌టాప్ వాళ్లకు పనికిరావు కాబట్టే చవక. స్టిక్కర్ మీద అంకెల చివర 'ఆర్' ఉంటే సర్వర్‌ది, 'యు' ఉంటే మనకు కావలసింది. చిప్పులు లెక్కపెట్టినా కొంత తెలుస్తుంది. మామూలు స్టిక్‌కు ఒక పక్క 8 ఉంటాయి. సర్వర్ రకానికి తప్పు సరిదిద్దే అదనపు చిప్పుతో 9 లేక 18 ఉండి, మధ్యలో వేరే ఆకారంలో ఇంకోటి కనిపిస్తుంది. అలాగే 'ఏఎండీ బోర్డులకు మాత్రమే' అని చవకగా అమ్మే డీడీఆర్3 స్టిక్కులు కూడా ఉన్నాయి, ఇంటెల్ బోర్డులో అవి నడవవు. మరీ చవకగా వస్తోందంటే ఎందుకు అని అడగడం మన హక్కు.

ఆ 12800 అనే అంకె చూసి కూడా మేము మొదట బెదిరిపోయాము. అది పెద్ద బ్రహ్మవిద్య కాదు. డీడీఆర్3–1600 అంటే సెకనుకు 1600 మిలియన్ల సార్లు, ప్రతిసారి 8 బైట్లు పంపుతుంది. 1600ను 8తో గుణిస్తే 12800. ఒకే స్టిక్‌కు రెండు పేర్లు అన్న మాట, ఇంట్లో ఒక పేరు, స్కూల్లో ఒక పేరు ఉన్నట్టు. 1333కు రెండో పేరు 10600. మన ఐ3–2100 ప్రాసెసర్ 1333 వేగం వరకే తీసుకుంటుంది. 1600 స్టిక్ వేస్తే పాడైపోదు, తగ్గి 1333తో నడుస్తుంది. రెండు వేగాల స్టిక్కులు కలిపి వేస్తే రెండూ నెమ్మది దానితో సమానంగా నడుస్తాయి. కాబట్టి ఎక్కువ అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టవద్దు.

ఏ తరం స్టిక్ పడుతుందో, ఎంత వరకు పడుతుందో చెప్పేది మదర్‌బోర్డు. చాలామంది ప్రాసెసర్ పేరు చెప్పి ర్యామ్ అడుగుతారు, అది చాలదు. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరానికి డీడీఆర్3 వేసుకునే బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్4 వేసుకునే బోర్డులూ ఉన్నాయి. 2021లో వచ్చిన పన్నెండో తరానికి డీడీఆర్4, డీడీఆర్5 బోర్డులు రెండూ ఉన్నాయి. బోర్డు పేరు దాని మీదే పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది. టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది. కంపెనీ డెస్క్‌టాప్ అయితే డబ్బా వెనుక మోడల్ నంబరు ఉంటుంది. ఆ పేరుతో తయారీదారు వెబ్‌సైట్‌లో మాన్యువల్ దొరుకుతుంది, అందులో ఎన్ని స్లాట్లు, ఒక్కోదానిలో ఎంత, మొత్తం ఎంత అని రాసి ఉంటుంది. మన హెచ్61 బోర్డుకు రెండే స్లాట్లు, ఒక్కోదానిలో 8, మొత్తం 16 జీబీ దాకా. మూత తీయడానికి వీలు లేకపోతే సీపీయూ–జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేస్తే లోపలి స్టిక్ రకం, వేగం, తయారీ నంబరు అన్నీ చూపిస్తుంది. అన్నిటికంటే సులువైన పని ఇంకోటి ఉంది. ఉన్న స్టిక్‌ను తీసి, కాగితంలో చుట్టి, దుకాణానికి పట్టుకెళ్లి "ఇలాంటిదే ఇవ్వండి" అనడం. మా అమ్మలు దారం కొనడానికి జాకెట్టు ముక్క పట్టుకెళ్తారు. అంత తెలివి కూడా మాకు ఆ రోజు లేకపోయింది.

తర్వాత ఫ్రెషర్స్ డే కేకు మానుకుని, సగం డబ్బు మేము వేసి, సగం అన్న వేసి, ఆయనే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ నుంచి 4 జీబీ స్టిక్కులు రెండు తెచ్చాడు. పాతవే, కానీ స్టిక్కర్ మీద చివర 'యు' ఉంది. బిల్లు మీద "డీడీఆర్3, డెస్క్‌టాప్, అన్‌బఫర్డ్, పనిచేయకపోతే ఏడు రోజుల్లో మార్పు" అని రాయించుకొచ్చాడు. మా గదిలో దీని మీద పెద్ద వాదనే జరిగింది. ఒకే 8 జీబీ స్టిక్ కొంటే ఇంకో స్లాట్ ఖాళీగా ఉండి, రేపు ఇంకోటి వేసుకోవచ్చు కదా అని ఇద్దరు అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఒకే రకం రెండు స్టిక్కులు రెండు స్లాట్లలో వేస్తే ప్రాసెసర్ రెండు దారుల నుంచీ ఒకేసారి తీసుకుంటుంది, దాన్ని డ్యూయల్ చానెల్ అంటారు. మన డబ్బాలో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, తెర మీది బొమ్మలకు కూడా ఈ ర్యామే వాడుకోవాలి. అందుకని మేము రెండు నాలుగుల వైపే నిలబడ్డాము. పాతికవేల పైన పెట్టి కొత్తది కొనే వాళ్ల లెక్క వేరు, మనం 16 జీబీ దాకా వెళ్తామా అన్నది మా ప్రశ్న.

వేసే రోజు వార్డెన్ సార్ దగ్గరుండి చూశారు. ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టి మిగిలిన కరెంటు పోనిచ్చి, డబ్బా ఇనుప అంచును తాకి, అప్పుడు స్టిక్‌ను అంచులతో పట్టుకుని పెట్టాము. కూత రాలేదు. తెర వెలిగింది. అందరం అరిచాము. వంట అక్క కూడా గరిటె పట్టుకుని వచ్చి చూసింది.

అరుపు అయ్యాక చూస్తే ఇంకో చిక్కు. '8 జీబీ' అని చూపిస్తూనే పక్కన 'వాడదగినది 3.4' అని ఉంది. మన విండోస్ 7 32–బిట్ రకం. అలాంటి దానికి 4 జీబీకి మించి చేయి అందదు, అందులో కూడా కొంత పరికరాల లెక్కకు పోతుంది. అంటే నాలుగు జీబీకి పైగా ర్యామ్ లోపల ఉత్తగా కూర్చుని ఉంది. పైగా విండోస్ 7కు 2020 జనవరిలోనే కంపెనీ మద్దతు ఆగిపోయింది, 2023 నుంచి క్రోమ్ బ్రౌజర్ కొత్త వెర్షన్లు కూడా దానికి రావడం లేదు. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 మన ప్రాసెసర్‌ను అధికారికంగా ఒప్పుకోదు. అప్పుడు 64–బిట్ లినక్స్ మింట్ వేశాము. అది ఉచితం, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది, మన దగ్గర 8 ఉంది. కేరళలో ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే పిల్లలకు నేర్పిస్తున్నారు, కాబట్టి ఇది మరేదో లోకం వస్తువు కాదు. కాబట్టి ర్యామ్ కొనే ముందు విండోస్ 32–బిట్టా 64–బిట్టా అన్నది కూడా చూసుకోవాలి.

ఇప్పుడు రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి.

ఫోన్ ఉండగా కంప్యూటర్ ఎందుకు అని కొందరు సీనియర్లు అన్నారు. ఫోన్‌లో సినిమా చూడవచ్చు, పాఠం కూడా వినవచ్చు. కానీ బయోడేటా టైపు చేయడం, ప్రాజెక్టు రిపోర్టు, ఎక్సెల్ నేర్చుకోవడం, స్కాలర్‌షిప్‌కు ఈ–పాస్ దరఖాస్తు తప్పుల్లేకుండా నింపడం, ఆన్‌లైన్ పరీక్షకు మౌస్ పట్టడం అలవాటు చేసుకోవడం ఫోన్‌లో రావు. పరీక్ష హాల్లోనే మొదటిసారి మౌస్ పట్టుకున్న వాళ్లు మనలో ఉన్నారు. వాళ్లకు సమాధానం తెలుసు, బాణం గుర్తు ఎటు పోతోందో తెలియలేదు. మేము ఆ వాదన ఒప్పుకోము.

పాత డబ్బా మీద డబ్బు తగలేయడం ఎందుకు, దాత ఎవరైనా దొరికితే కొత్తది పెట్టించుకోవచ్చు కదా అన్నది రెండోది. దొరికితే వద్దనము. కానీ దొరికే దాకా? పైగా 2025 చివరి నెలల నుంచి కృత్రిమ మేధ సర్వర్లకు మెమరీ చిప్పులు తరలిపోయి, ప్రపంచమంతటా ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఈ చిప్పుల్లో ఎక్కువ భాగం చేసేది శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే. వాటిలో మైక్రాన్ మామూలు కొనుగోలుదారులకు క్రూషల్ పేరుతో అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. అదే మైక్రాన్ 2019లో మన హైదరాబాదులో పెద్ద అభివృద్ధి కేంద్రం తెరిచింది. అక్కడ ఇంజనీర్లుగా పనిచేసే వాళ్లలో మన హాస్టల్ పిల్లలు ఎప్పుడు ఉంటారో అని మా గదిలో ఒకడు అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ధరలు ఇలా ఉన్నప్పుడు ఉన్న దాన్ని బాగు చేసుకోవడమే తెలివి అని మా అభిప్రాయం. అలాగని ప్రతి పాత డబ్బాకూ ఇది చెప్పము. డీడీఆర్2 కాలంనాటి కంప్యూటర్ ఎవరైనా ఇస్తే దాని మీద ఒక్క రూపాయి పెట్టవద్దు, విప్పి నేర్చుకోవడానికి వాడండి.

ఆ విప్పడం దగ్గరే మాకు అసలు అభిప్రాయ భేదం ఉంది. వార్డెన్ సార్ మంచి మనిషి, మా మేలు కోరే తాళం వేశారు. కానీ 'ముట్టుకోవద్దు' అన్న మాట మన వాళ్లకు కొత్తది కాదు. మన తాతలు బావి దగ్గర విన్నారు, బడి గుమ్మం దగ్గర విన్నారు. ఇప్పుడు ఆ మాట అన్న వాళ్లకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు, లేదు కూడా. అయినా కంప్యూటర్ గది తలుపు మీద ఆ మాట చూసినప్పుడు మాలో కొందరికి మనసు చివుక్కుమంది. మేము స్టిక్ పాడు చేయలేదు, తెలియక తప్పుది కొన్నాము. తెలియకపోవడానికి కారణం, అంతకు ముందు ఎవరూ మూత తీసి చూపించకపోవడం. మూత తీసి ఉంటే ఆ స్టిక్కర్ మేమే చదివేవాళ్లం. చదవడం వచ్చిన వాళ్లమే కదా.

అందుకని సార్‌కు మా విన్నపం ఇది. వారానికి ఒక ఆదివారం, స్టడీ అవర్ అయ్యాక, గంటసేపు డబ్బా విప్పనివ్వండి. మేము ఆరుగురం దగ్గరుంటాము. పాడైతే మా పూచీ. హాస్టల్‌కు ఏ కంప్యూటర్ సామాను కొన్నా బిల్లు మీద రకం, వేగం, మార్పు గడువు రాయించాలి, కొనే ముందు ఇద్దరు విద్యార్థులకు చూపించాలి. ఇది అధికారం అడగడం కాదు. డబ్బు వేసేది మేము, వాడేది మేము, అడిగేది ఆ పాటి మాటే.

ఇప్పుడు మన కంప్యూటర్ స్విచ్ వేశాక ఒకటిన్నర నిమిషంలో సిద్ధం అవుతుంది. హార్డ్ డిస్క్ పాతదే కాబట్టి అంతకంటే తగ్గదు. ఎస్ఎస్‌డీ సంగతి వచ్చే ఏడు సంచిక వేసే వాళ్లు చూసుకుంటారు. మొన్న ఆరుగురు స్కాలర్‌షిప్ రెన్యువల్ ఒకే సాయంత్రం పూర్తి చేశారు, నెట్ సెంటర్‌కు ఒక్కరూ పోలేదు. ఈ వ్యాసం కూడా దాని మీదే తెలుగులో టైపు చేశాము. అక్షరదోషాలు ఉంటే అవి మావి, ర్యామ్‌వి కావు.

ఆ సర్వర్ స్టిక్ మా గదిలో మేకుకు దారం కట్టి వేలాడుతోంది. కింద కాగితం మీద "23 మంది x 40" అని రాసి ఉంది. ఎవరి దగ్గరైనా పాత సర్వర్ ఉంటే వచ్చి తీసుకెళ్లండి. తొమ్మిది వందలు ఇవ్వనక్కరలేదు, ఫ్రెషర్స్ డేకు కేకు తెస్తే చాలు.